ఊఁ కొట్టేదాక

సోహార్ పోర్టుల
పొద్దంత నేను మాట్లాడేది నాలుగు మాటలే.
వాకీటాకీల: స్లో. హోల్డ్. డౌన్. ఓకే.
నలభై టన్నుల పెట్టెను
ఓడ మీద గుడ్డు పెట్టినట్టు పెడత.
మాట పెట్టుడే రాదు నాకు.

అసొంటోన్ని పట్టుకొని
నర్సు మారిసెల్ అంటది, వచ్చీరాని హిందీల:
"మాట్లాడు నాన్నా.
నీ భాషల. మెల్లగ. పది నిమిషాలు."

అద్దాల పెట్టెకు రెండు గుండ్రటి కిటికీలు.
లోపల తొమ్మిది వందల ఎనభై గ్రాముల బిడ్డ,
ముక్కుల పైపు, మడిమకు ఎర్ర దీపం,
ఉల్లిపొర అసొంటి తోలు కింద నీలం నరాలు.
పన్నెండు వారాలు ముందే దిగింది
చెప్పాపెట్టకుండ వచ్చిన చుట్టం లెక్క.

డాక్టరమ్మది సూడాన్. కాయితం మీద చెవి బొమ్మ గీసి చెప్పింది:
కడుపుల ఉండంగనే ఇనుడు మొదలైతదంట.
ఉమ్మనీళ్లల్లకెళ్లి అమ్మ మాట అందుతదంట,
పదాలు కాదు, పదాల నడక.
గోడవతల ఎవరో మాట్లాడుతుంటే
ఏమంటున్నరో తెల్వదు గని
మనోళ్లే అని తెలుస్తది సూడు, అట్ల.
ఆ పన్నెండు వారాల మాట
దీనికి అందలే.
ఇక్కడ అందేటియి మిషన్ల కూతలు.

అంటే బాకీ.
ఏజెంటు బాకీ రెండేండ్లల్ల తీర్చిన.
అక్క పెండ్లికి ఎత్తిన చిట్టీ తీర్చిన.
మాటల బాకీ ఏ బ్యాంకుల కడ్తరు?

సుజన పై అంతస్తుల కుట్లతోని పండుకుంది.
ఫోన్ల గొంతు పంపింది,
సగం మాట, సగం ఏడుపు.
మారిసెల్ ఇని తల అడ్డంగ ఊపింది:
ఏడ్చుడు అయినంక మళ్ల పంపమను.

మొదటి రోజు నా పేరు చెప్పిన.
గంగాధర్, క్రేన్ ఆపరేటర్, తొమ్మిదేండ్ల అనుభవం.
ఇంటర్వ్యూ అయిపోయింది.

రెండో రోజు కథ చెప్దామంటే యాదికి రాలే.
నాయనమ్మ బీడీలు చుట్టుకుంట చెప్పేది,
నేను ఊఁ కొట్టుకుంట పండేటోన్ని.
ఊఁ ఆగితే కథ ఆగేది.
అందుకే నాకు
ఏ కథకూ చివర తెల్వదు.

కథ లేక దారి చెప్పిన.
మెట్‌పల్లిల బస్సెక్కితే
ఎడమకు రైసు మిల్లు, కుడికి కంకర క్రషరు,
ఆడికెళ్లి పసుపు ఆరబోసిన కల్లాలు.
పసుపు ఎట్లుంటదో చెప్పబోయి ఆగిన.
వాసనను మాటల ఎట్ల చుడ్తరు?
ఉత్తగ పేరే అన్న. పసుపు. పసుపు.
దాని కనుబొమ్మ ఒకటి లేచింది.

"ఇప్పుడు ఆగు" అన్నది మారిసెల్,
"దాని వంతు దానికియ్యి."
ఆగుడు నాకు వచ్చిన పని.
గాలి తగ్గేదాక, కొక్కెం ఊగుడు ఆపేదాక
కేబిన్ల గంటలు కూసున్నోన్ని.
తెర మీద అంకె: ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి. తొంభై మూడు.
వేళ్లు చాపి మొఖం తిప్పుకుంటే
ఇగ చాలు అన్నట్టు. కిటికీ మూయాలె.

పదకొండు పెట్టెలు, ఏడు భాషలు,
అన్నీ గుసగుసలే.
పక్క పెట్టె కాడ బలూచీ తాత
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకొని
మనుమనికి చేపల పేర్లు చెప్తడు.
గచ్చు తుడిచే సిల్హెట్ పిలగాడు
మేం మాట్లాడేటప్పుడు బకెట్ చక్రం కిర్రుమనకుండ
చేతుల ఎత్తుకొని నడుస్తడు.

ఇయ్యాల ఇంట్ల ఉన్నం.
పుట్టినకాడికెళ్లి లెక్కపెడితే దానికి ఐదు నెలలు,
పుట్టాల్సిన తారీఖుకెళ్లి అయితే రెండు.
రెండు క్యాలెండర్లు పెట్టుకున్నం గోడకు.
డ్యూటీ బట్టలతోనే కూసొని చెప్తున్న:
ఒక ఓడ వచ్చింది బిడ్డా, ఎర్రది,
దాంట్ల ఏముందో ఎవ్వనికి తెల్వదు,
తాళం చెవి సముద్రంల పడ్డది...

"ఊఁ"

వంటింట్ల సుజన స్టవ్ బంద్ చేసింది.
గిన్నె చప్పుడు ఆగింది.
నా మొఖం దిక్కే చూస్తున్నది,
నోరు సున్నా లెక్క పెట్టి.

తర్వాత ఏమైందంటే, అన్న.

ఏమైందో నాకూ తెల్వదు.