చెప్పుల వరుస

తెల్లారి ఐదూ నలభై.
అఫ్జల్‌గంజ్ బస్సులు ఇంకా గొంతు సవరించుకుంటున్నాయి.
ఓపీ కౌంటర్ షట్టర్ ముందు
మనుషులు లేరు, వరుస ఉంది.

హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చినవి,
ఒక ఇటుక,
మూతకు దారం కట్టిన స్టీలు టిఫిను,
ఎక్స్‌రే కవరు, అది ఎగిరిపోకుండా దాని మీద ఓ రాయి.
మనుషులు గోడవారగా దుప్పట్లలో ఉన్నారు.

నేను స్టాప్‌వాచీ నొక్కాను.

పదకొండేళ్లు స్టాఫ్ నర్సుని.
సెలైన్ చుక్కలు లెక్కపెట్టిన కళ్లతో
ఇప్పుడు హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ, రెండో ఏడు.
నా క్లాసులో అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు.
ఎస్తేరక్కా అంటారు, నా నోట్సు జెరాక్సు తీసుకుంటారు,
బదులుగా ల్యాప్‌టాప్‌లో గ్రాఫు గీయడం నేర్పుతారు.

థీసిస్: ఓపీ రోగుల నిరీక్షణ కాలం, తగ్గించే మార్గాలు.
ఫారంలో గడులున్నాయి:
వచ్చిన వేళ, చీటీ అందిన వేళ,
డాక్టరు తలెత్తి చూసిన వేళ.
ఆ మూడోది నేను కలిపిందే.
చెప్పులకు గడి లేదు.

మొదటి వారం వాటినీ మనుషులుగానే రాశాను.
నుస్రత్ మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"ఎస్తేర్, ఇటుకకు ఏం జబ్బు?" అన్నారు.
క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.

రెండో వారం కనిపెట్టాను ఒక జతని.
రోజూ నాలుగో చోటే.
ఆకుపచ్చ రబ్బరు, ఎడమ మడమ దగ్గర
నెలవంకలా అరిగిపోయినవి.
షట్టరు లేచాక
వాటి వెనక రోజుకో మనిషి.
సోమవారం, కాలిపోతున్న బిడ్డనెత్తుకుని కల్వకుర్తి నుంచి వచ్చినావిడ.
మంగళవారం, పాదానికి గుడ్డ చుట్టుకున్న షుగరు తాత.
బుధవారం, ఏ జబ్బో చెప్పకుండా ఏడుస్తున్న ఓ పిల్ల.

బాలమణి చీపురు ఆపి చెప్పింది:
"అవి నావే మేడం.
నాలుగింటికి డ్యూటీకొస్త గద, వచ్చుడుతోనే ఇడుస్త.
దూరం బస్సుకొచ్చినోళ్లు ఆఖరుకు పడ్తరు.
ఎవలకు తక్లీఫు ఎక్కువుందో మొకం జూస్తె ఎరుకైతది.
దినాం ఒక్కళ్లకే.
నాకున్నది ఒక్కటే జత."

అంతసేపూ ఆమె ఉత్త కాళ్లతో
ఫినాయిలు నీళ్లలో నిలబడే ఉంది.

నాయకత్వం మీద మాకు ఒక పేపరు ఉంది.
ఆరు రకాలు, ఆరింటికీ బాణం గుర్తుల బొమ్మలు.
నాకు అందులో డెబ్బై ఎనిమిది.

నా సిఫార్సు ఏమిటో మొదటి నెలలోనే రాసిపెట్టుకున్నాను:
టోకెన్ మిషను, ఎర్రంకెలు వెలిగే బోర్డు, ఇంకో కౌంటరు.
సగటు నిరీక్షణ నూటపది నిమిషాల నుంచి నలభైకి.
లెక్క సరైనదే. మూడుసార్లు చేశాను.
మిషను వస్తే చెప్పులుండవు.
చెప్పులు లేకపోతే ఆ నాలుగో చోటు ఉండదు.
నలభై నిమిషాలన్నది సగటు.
సగటు మనిషిని నేనింతవరకూ ఏ మంచం మీదా చూడలేదు.

బాగ్‌లింగంపల్లి గదిలో, పక్కింటి మిక్సీ ఆగాక,
చివరి పేజీలో ఒక వాక్యం చేర్చాను:
ప్రతి ఉదయం నాలుగో టోకెను ఖాళీగా ఉంచాలి,
అది ఎవరికన్నది ఓపీ ఊడ్చే మనిషి నిర్ణయించాలి.

డ్రాఫ్టు తిరిగొచ్చింది.
మార్జిన్లో ఎర్రసిరాతో ఒకే మాట: ఆధారం?
దాని కింద పెన్సిలుతో, చెరిపేయడానికి వీలుగా,
ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు?

వైవా పంతొమ్మిదిన.
ఇవాళ బాలమణి రాలేదు, మనవరాలి చెవులు కుట్టిస్తున్నారట.
నాలుగింటికే వెళ్లి
నా చెప్పులు విప్పి నాలుగో చోట వదిలాను.
గచ్చు ఇంత చల్లగా ఉంటుందని ఏ ఫారంలోనూ లేదు.

దుప్పట్ల మధ్య తిరుగుతున్నాను, మొహాలు చూస్తూ.
పదకొండేళ్లు చూసిన మొహాలే.
ఈమేనా అనుకుంటాను, పక్కనే ఇంకొకరు దగ్గుతారు.
షట్టరు తాళంలో చెవి తిరుగుతోంది.
నేనింకా ఎవరినీ పిలవలేదు.