మళ్ళీ పుట్టేవి

అచావ్‌లో వాన ఏ పూటా సెలవు పెట్టదు.
రేకు గోడ మీద దాని చప్పుడు వింటూ
స్క్రిప్టు చివర ఇంకో పని చేర్చాను.
పేరు క్లీన్. మూడే వరుసలు.
పుట్టించినవి పడుకునే ఫోల్డరులో
ఏముంటే అది తుడిచెయ్యి, అంతే.

తుడవడానికి భయమెందుకు?
లెక్కల ఫైలు ఒక్కటి భద్రంగా ఉంటే చాలు,
పదకొండు దీవుల పడవ వేళల పట్టికలు
కట్టెల పొయ్యి మీద మాతే నీళ్లు మరిగేలోపు
మళ్ళీ వచ్చి కూర్చుంటాయి,
ఒక్క అంకె తేడా లేకుండా.
డబ్బాలో పిండి ఉన్నంతకాలం
రొట్టె అయిపోయిందని ఎవరేడుస్తారు?

మీట నొక్కాను.
ఫోల్డరు కడిగిన పళ్లెంలా అయింది.
నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.
సగంలో ఆగిపోయిన చిత్తులు,
ఎవరో 'ఆఖరిది' అని పేరు పెట్టిన నాలుగు ఫైళ్లు,
'ఇదే అసలు ఆఖరిది' అన్న ఐదోది,
అన్నీ ఒక్క ఊడ్పులో.
మళ్ళీ కట్టించాను. పదకొండూ వచ్చాయి.
అచ్చుకి పంపి ఇంటికెళ్లి నిద్రపోయాను.

శుక్రవారం ఫోను. అపియావ్ నుంచి రోసెందా.
"అమ్మాయ్, నీ కాగితం నమ్మి
పడవ బురదలో కూలబడింది.
పద్నాలుగు మందిమి, రెండు గొర్రెలు, ఒక గ్యాస్ బండ.
పోటు వచ్చేదాకా
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
గొర్రెలే కాస్త నయం, ఏమీ అనలేదు."

లెక్క తప్పలేదు. ఐదుసార్లు చూశాను.
ఆటుపోట్ల సూత్రం తన పని తాను చేసింది.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న ఎలెఉతేరియో
కొత్త ఏడాది పట్టిక పుట్టగానే
దాన్ని తెరిచి, ఎవరికీ చెప్పకుండా,
అపియావ్ వరుసకి నలభై నిమిషాలు
చేత్తో కలిపేవాడట.
ఉన్న ఫైలు జోలికి స్క్రిప్టు వెళ్లేది కాదు కనక
ఆ నలభై అలా బతికిపోయేది.
రేవు పక్కన ఇసుక మేట వేసిందని
సూత్రానికి ఎవరు చెబుతారు?
ఆయనకి తెలుసు. ఆయన రబ్బరు బూట్లకి తెలుసు.

యంత్రం కన్నవాటి మధ్య
ఒక మనిషి చెయ్యి నక్కి ఉంది.
నా చీపురుకి రెండూ ఒకే రంగు.

కురాకో దారిలో ఆయన ఇల్లు.
తడి మట్టిలో బంగాళాదుంపలు ఏరుతున్నాడు.
క్షమించమందామని నోరు తెరిచానో లేదో
ఆయనే అన్నాడు:
"రాసిపెట్టాల్సింది. బద్ధకం.
ఎప్పటికీ ఆ కుర్చీలో నేనే ఉంటానుగా, అనుకున్నా."
ఒక దుంపని చొక్కాకి తుడిచి,
చేతిలో తిప్పి చూసి, గంపలో వేశాడు.
"ఈసారి నలభై చాలదు, యాభై పెట్టు.
పోయిన నెల దిగి చూసొచ్చాను. మేట పెరిగింది."

అంటే నేను తుడవకపోయినా
ఆ నలభై కూడా పాతబడిపోయిందన్నమాట.
ఓదార్పుగా ఉందా? తెలీదు.
దారి పొడవునా కారు వైపర్లు
అటూ ఇటూ, అటూ ఇటూ.

రాత్రి లెక్కల ఫైలులో,
పుట్టించేవాటి దగ్గర కాదు, పుట్టించేదాని దగ్గర,
కొత్త వరుస రాశాను:
అపియావ్. యాభై. ఇసుక వల్ల.
దిగి చూసింది ఎలెఉతేరియో, మే నెలలో.
మళ్ళీ ఎవరైనా దిగి చూడాలి.

తర్వాత క్లీన్.
మీట మీద వేలు ఆగింది, ఒక్క గుటక సేపు.
పళ్లెం ఖాళీ. పదకొండూ పోయాయి.
పదకొండూ వచ్చాయి.

రోసెందాకి ఫోను చేసి యాభై అని చెప్పాను.
"చూద్దాంలే," అంది.
వెనకాల గొర్రె ఒకటి అరిచింది.