బస్తా మనిషి

సోమారం లాంచీకి సెలవు.
కాళేశ్వరం రేవుల పొద్దింక పొడవలేదు.
మొగిలి సరంగు ఊక బస్తాకు అంగీ తొడిగి
నడుముకు ఇసుక మూట గట్టి
"ఇగో, ఇయ్యాల్టి ప్యాసింజరు" అన్నడు.
అని, గోదాట్లకు నూకిండు.

నవ్వొచ్చింది నాకు.
గంగపుత్రుల పిల్లను,
నడకకంటె ముందు ఈత నేర్చినదాన్ని,
ఊక బస్తాను బతికిచ్చుడు నాకో లెక్కనా!
దుంకిన.
బస్తా నీళ్లు తాగి బరువెక్కింది.
ప్రాణహిత వచ్చి కలిసేకాడ సుడి
దాన్ని తిప్పి, నన్నుగూడ తిప్పింది.
ఒడ్డుకు గుంజుకొచ్చేసరికి
ఖాజా చేతి గడియారంల ఆరు నిమిషాలు.
"సచ్చిండు" అన్నడు ఖాజా, చాయ్ ఊదుకుంట.

"ఈత నీకొస్తది పిల్లా,
నీ మెడ వట్టి వేలాడేటోనికి రాదు.
ముందు తాడిసురు. అటెన్క ట్యూబు.
దుంకుడు ఆఖరికి" అన్నడు సరంగు.

పదకొండు సోమారాలు.
కండ్లకు తువ్వాల గట్టుకొని జాకెట్ల పెట్టె దేవులాడిన.
బకిలు ఎటు దిక్కున్నదో ఏళ్లకు ఎరుకైంది.
డీజిలు మంటకు నీళ్లు గాదు, ఇసుకని
ఖాజా ఎన్నిసార్లు జెప్పిండో,
ఒకసారి ఆయినె కనుబొమ్మలే కాలినయి.

శివరాత్రి నాడు లెక్కవెడితె
నలభై రెండు సీట్లకు ముప్పై తొమ్మిది జాకెట్లు.
మిగిలిన మూడు ఓనరింట్ల
మంచం మీద మెత్తలైనయట.
ఒడ్డున మంది. ఓనరు ఒర్రుతుండు, గిరాకీ పోతాందని.
సరంగు ఏం మాట్లాడలే.
లాంచీ తాళంచెవి తీసి రొండిన దోపుకొని
బీడీ ముట్టిచ్చిండు.
మెత్తలు వచ్చినయి.
లాంచీ కదిలింది.

"ఉక్కపోస్తది బిడ్డా, నాకెందుకిది" అన్నది మంథని అవ్వ.
"నా కోసం ఏసుకో" అన్న.
బకిలు టక్కుమన్నది.
అద్దరికి వోయినం, ఇద్దరికి వచ్చినం.
జాకెటిప్పి నా చేతులవెట్టి
"ఉత్తగనె మోపిచ్చినవ్, ఏమన్నయిందా?" అన్నది అవ్వ,
కొంగుతోని మెడ తుడుచుకుంట.

పొద్దూకినంక రిజిస్టర్ల
"ఏం కాలేదు" అని రాసి సంతకం వెట్టిన.
లాంచీ మూలకు
బస్తా మనిషి ముక్కిపోయిన ఊక వాసనతోని
ఒరిగి కూసున్నడు.
అంగీ గుండీ ఒకటి ఊడింది.
రేపు సోమారం.
కుట్టాలె.