నడుము దాకా

ఖసబ్ రేవులో తెల్లారకముందే కయాక్‌లు దించాను.
పసుపువి నాలుగు, ఎర్రది ఒకటి, ఇద్దరు పట్టేది.
దాని ముక్కు మీది బంక మరక నా చేతిదే.

ముందు గాలి చూశాను.
శమాల్ పడుకునే ఉంది, లేస్తే మధ్యాహ్నమే.
"తెడ్డుని నలిపెయ్యకండి, చిలకని పట్టినట్టు పట్టండి"
రోజూ చెప్పే ఇంగ్లీషు ముక్కే చెబుతుంటే
చివర్న ఒక మనిషి, బకిల్ తిరగేసి పెట్టుకున్నవాడు,
నా నోటివైపే చూస్తున్నాడు.
ఇంతలో తాడు కాలికి చుట్టుకుంది,
నోరు జారింది, జాలరిపేట తిట్టు, పచ్చిది.
"ఓయమ్మ! తెలుగా?" అన్నాడు.

గుండేటి లింబాద్రి.
ఆర్మూరు అవతల ఊరు, సొహార్‌లో టవర్ క్రేను.
ఏడాదంతా ఒక్క బోల్టు కింద పడనియ్యనందుకు
కంపెనీ ఇచ్చిన బహుమతి ఈ ప్రయాణం.
పైసలియ్యమన్నాడట. ఫెర్రీ టికెట్ ఇచ్చారు.

ఎర్రదాంట్లో ముందు అతను, వెనక నేను.
నాకు కనిపించేదల్లా అతని మెడ,
మాడిన నలుపు మీద హెల్మెట్ పట్టీ కాపాడిన
చిటికెనవేలంత తెలుపు.

ఖోర్ షమ్ లోపలికి తిరిగేసరికి
కొండలు నోరు మూసుకున్నాయి.
ఒక్క చెట్టు లేదు. మడతలు మడతలుగా రాయి,
ఇస్త్రీ చెయ్యకుండా కుక్కిన దుప్పట్లలాగా.
ఎక్కడో మేక తుమ్మితే
ఎదుటి కొండ కూడా తుమ్మింది.

"పదకొండేండ్లాయె అక్కా,
దినాం సూస్త సముద్రాన్ని,
అరవై మీటర్ల మీదికెళ్లి, అద్దంల.
ఒక్కనాడు ముట్టలే."

నేనేం చెప్పను?
మా పేటలో ఆడాళ్ళకి సముద్రం మోకాలి దాకానే.
తట్టతో దిగి, చేపలందుకుని, వెనక్కి.
ఆ పైదంతా మగాళ్ళది.
ఈ ఊరి హోటల్లో దుప్పట్లు ఉతకడానికొచ్చి
సాయంత్రాలు కయాక్‌లు కూడా కడుగుతూ
ఒకనాడు కడిగినదాన్ని నీళ్ళలోకి తోసి ఎక్కేశాను.
మొదటి వారం పదిసార్లు మునిగాను.
చెప్పలేదు ఇదంతా. "ఎడమ తెడ్డు వెయ్యి తమ్ముడూ" అన్నానంతే.

తంతి దీవి దాటగానే పాటల మోతతో ధో ఒకటి,
తివాచీల మీద జనం,
దాని అల మమ్మల్ని పక్కనుంచి ఎత్తింది.
లింబాద్రి రెండు చేతులా అంచులు పట్టేసుకున్నాడు.
అంచు పట్టుకున్నవాడే బోల్తా కొడతాడు.
"నడుం వదులు! నడుం వదులు!"

ఏమనుకున్నాడో, వదిలేశాడు.
రెండో అలకి మేం ఊగాం, నిలిచాం.
కాసేపటికి, వెనక్కి తిరక్కుండానే:
"గాలిదుమారమొస్తే క్రేనుకు బ్రేకు ఇడిసిపెడ్తం అక్కా.
అది ఎటు తిరుగుతె అటు తిరగనిస్తం.
పట్టుకుంటె ఇరుగుతది."
చిలక మాట మానేసి
రేపట్నించి ఇదే చెప్పాలనుకున్నాను.

డాల్ఫిన్లు రాలేదు.
పసుపు కయాక్‌లవాళ్ళు మొహాలు వేలాడేశారు.
నదీఫీ ముందు నీళ్ళ పడవ ఆగి ఉంది,
ఇన్ని నీళ్ళ మధ్య తాగే నీళ్ళు దించుతూ.
లింబాద్రి దాన్ని చాలాసేపు చూశాడు.
ఎవరు ఎత్తుతున్నారో, తాడు ఎంత బరువు ఆపుతుందో.
తర్వాత తెడ్డు ఒళ్ళో పెట్టుకుని
మోచేతి దాకా చెయ్యి ముంచి,
వేలు నాకి, ఉమ్మి,
"తూ! గింత ఉప్పా!"
అని నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు,
మెడ మీది తెల్లగీత కదులుతూ.

ఒడ్డున దిగుతుంటే ప్యాంటు నడుము దాకా తడిసింది.
పిండుకోలేదు.
అలాగే బస్సెక్కబోతే డ్రైవరు సీటుకి కవరు పరిచాడు.

రాత్రి పుస్తకం నింపాను.
అతిథులు: ఐదుగురు. గాలి: తక్కువ. ప్రమాదాలు: లేవు.
గమనికల గడి ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాను.
ఇవాళ తెలుగులో రాశాను.
మా యజమాని సులేమాన్ అదేదో లెక్క అనుకుని
కింద సంతకం పెట్టాడు.