రాత్రి డ్యూటీ, హంద్రీ గట్టు

రాత్రి రెండింటికి డోము మీద చెయ్యి పెడతా.
ముప్పై ఏడు డిగ్రీలు.
చంటిబిడ్డ ఒంటి వేడి.
రెండు తగ్గితే లోపలుండే కంటికి కనపడని కూలోళ్ళు
పని ఆపేస్తారు,
రెండు పెరిగితే నురగలు కక్కుతారు.
బాలింతను కాసినట్లు కాయాల దీన్ని,
డిసెంబరు గాలి హంద్రీ మీంచి కొట్టేటప్పుడు మరీ.

ఊరు ఏం తిన్నాదో నాకు తెలుస్తాది.
రంజాన్ నెలలో పాతూరి పైపు జిడ్డుగా వస్తాది,
గ్యాసు ముల్లు ఎగిరెగిరి పడతాది.
ఏకాదశి మర్నాడు దానికీ నీరసమే.
ఉగ్గాని బజ్జీ, కొర్రన్నం, పెండ్లి పలావు,
పెద్దాఫీసరు ఇంటి నేతిపప్పు, మా ఇంటి ఊరుబిండి
అన్నీ ఒకే గుంతలోకి, ఒకే రంగుతో.
వేరే పంక్తులన్నీ తినేకాడికే.

అంతకుముందు ఇదంతా ఏటికే పోయేది.
ఏట్లోంచి తుంగభద్రకు,
ఆడనుంచి ఎవురి బిందెలోకో.
ఎండాకాలం హంద్రీలో పారేదంతా మనమే.

ఐటీఐ ఫిట్టరు చదివితి నేను.
ఇంటర్వ్యూలో అడిగిరి
"ఆడపిల్లవు, ఈ గబ్బు ఓర్చుకుంటావా?" అని.
నవ్వొచ్చె.
మా ఇంటికి గబ్బు
నాయన చొక్కా తొడుక్కొని వచ్చేది.
గడప బయట బకెట్టు నీళ్ళు, ఎర్రసబ్బు ముక్క.
ఆపైనే మమ్మల్ని ఎత్తుకునేది.

నాయనోళ్ళకు మీటర్లు ల్యావు.
మూత తెరిచి, బీడీ ఆర్పి, కాసేపు కూచునేటోళ్ళు.
బొద్దింకలు ప్రాణంతో పైకి పాకితే
దిగచ్చు.
ల్యాకుంటే ఇంకాసేపు.
ఆ పొద్దు కంట్రాక్టరుకు తొందర.
బొద్దింకలు రాల్యా.
రంగముని చిన్నాయన దిగినాడు.
లాగితే
తాడు తేలిగ్గా వచ్చింది.

ఆ గ్యాసే ఇది.
సరిగ్గా చెప్పాలంటే, కవలలు.
చంపేది ఒకటి, మండేది ఒకటి,
ఒకే కడుపున పుడతాయి.
చంపేదాన్ని ఇనుపరజనులో వడగట్టి ఆపుతాం,
మండేదాన్ని ఇంజనుకు పంపుతాం.
రజను నల్లబడినప్పుడల్లా నేనే మారుస్తా.
ఆ పని ఇంకొకరికి ఇయ్యను.

గేటు బయట హుసేనమ్మ టీ అంగడి.
సారు ఒక సన్న పైపు ఇప్పిచ్చినాడు, ఊరికే.
నీలంగా, పొగ ల్యాకుండా మండె పొయ్యి.
మూడు దినాలు ఒక్క గిరాకీ రాల్యా.
"ఏ మంట మీద కాచినావ్ మ్మే?" అని అడిగి
ఆటోలోళ్ళు అవతలి బంకుకు పోయిరి.
"మీ కడుపులోదే కదరా, మీకే రోతా?"
హుసేనమ్మ గొంతు ఏటి అవతలికి వినపడింది.

నాలుగో దినం నాయన వచ్చినాడు.
ముక్కు చచ్చి పదేండ్లాయె ఆయనకు,
అల్లమో యాలక్కాయో కూడా తెలీదు.
గ్లాసు రెండు చేతులా పట్టుకొని
మంటను చూస్తా చూస్తా తాగినాడు.
చాలాసేపటికి అన్నాడు:
"చక్కెర తక్కువైందమ్మే."

తెల్లారి ఆరుకు బుక్కు రాస్తా.
ఇన్ని గంటలు ఇంజను, ఇన్ని యూనిట్లు.
తీగలో పడినాక కరెంటుకు ఇంటిపేరు ఉండదు,
ఎవురి ఫ్యాను తిప్పతాదో, ఏ దర్గా మైకులో పలకతాదో.
చిన్నాయన దిగిన మూత పక్కనే
ఒక స్తంభం ఉంది.
నేను చెప్పులు విడుస్తాంటే నాయన అడుగుతాడు, రోజూ,
"ఆ లైటు వెలిగిందా పాపా?"

ల్యాదు నాయనా.
బల్బు మాడిపోయి నెలాయె.
కాగితం రాసిచ్చినా.