మూరెడు తాడు

తెగింది తాడు కాదు,
ఊడింది మేకు.
పిట్టగోడ నుంచి పిడికెడు సున్నం రాలి
ఇరవై రెండు దుప్పట్లు, పిండినవి పిండినట్టే,
లాడ్జి మూడో మిద్దె మీద బోర్లా పడినాయి.
మేనేజరు ధనంజయులు మొదట తాడును తిట్టినాడు,
తరవాత నన్ను.

మళ్ళీ కట్టాల దండెం.
ఈసారి నలుగుర్ని అడిగి కట్టాలనుకున్నా.
తిరుపతిలో దారి చెప్పనోడన్నా ఉంటాడు గానీ
ముడి చెప్పనోడు లేడు.

పూలు కట్టే వళ్ళెమ్మ
"ముడి వేలికి తెలియాల, కంటికి కాదు" అనింది.
ఆమె ముడి మల్లెమొగ్గను కూడా నలపదు.
తడిసిన దుప్పటి మొగ్గ కాదు గదమ్మా.

పాలు పోసే చెంగల్రాయుడు
ఆవు పలుపుకేసే జారుముడి చూపించినాడు.
అది ఎంత గింజుకున్నా ఊడదు,
మనం కొస పట్టి ఒక్క లాగు లాగితే వదిలేస్తుంది.
"కొట్టానికి నిప్పంటుకుంటే ముడి విప్పుకుంటా కూచుంటామా?"
మంచి ముడే.
కానీ మా మిద్దె మీదికి కోతులొస్తాయి.
ఆ ఒక్క లాగు ఎక్కడ లాగాలో
నాకన్నా ముందు వాటికి తెలుస్తుంది.

బస్టాండు వెనక టైర్లంగడి మస్తానయ్య
పదేళ్ళు మదనపల్లె టమాటా లారీకి క్లీనరు.
"లోడు ముడి వేసుకో అక్కా,
తాడు నడుమ ఒక కన్ను తియ్యి,
కొసను కొక్కెం చుట్టూ తిప్పి
ఆ కన్నులో నుంచే వెనక్కి గుంజు.
నీకు ఇంకో మనిషి తోడొచ్చినట్టుంటుంది."
గుంజినాను.
తాడు తంబూర తీగ మాదిరి మోగింది.
కొత్త కొక్కెం కిర్రుమనింది.

అప్పుడు అర్థమైంది
పాత మేకు ఎందుకు ఊడిందో.
గీత గీసినట్టు బిగించిన తాడు మీద
బట్ట బరువు ఒకటైతే
గోడ మోసేది నాలుగు.
కొంచెం వంగనిస్తే
బట్ట బరువు బట్టంతే.
బిగువు తాడు చూసేదానికి బాగుంటుంది,
వంగిన తాడు మోసేదానికి.

సగం బిగువు వదిలినాను.
కొక్కెం పీకేసి
గోడ ఇవతల నుంచి అవతలికి బోల్టు దించి,
వెనక రేకు ముక్క వేసి మర బిగించినాను.
గోడకు ఆనుకునేది ఏదైనా ఒకరోజు ఊడుతుంది.
ఇది గోడను వాటేసుకుంది.

రెండో కొస నీళ్ళ ట్యాంకు ఇనపకాలుకి.
రెండు చుట్లు, వాటి మీద రెండు ముడులు.
బరువంతా చుట్లే మోస్తాయి,
ముడులది ఉత్త కాపలా,
మా మేనేజరు మాదిరి.
కొత్త నైలాను నున్నగా జారతా ఉంటే
ఇంకో ముడి వేసినాను.
కొస పీచు లేవకుండా
కర్పూరం బిళ్ళ వెలిగించి కాల్చినాను.
పక్క మిద్దె ఆమె దూరం నుంచి చూసి
ఏ దేవుడికో ఏమో, దండం పెట్టుకుంది.

ఆ ఇనపకాలుకే ఒక పాత ముడి ఉంది, కొబ్బరితాడుది.
నాకు ముందు ఇక్కడ గుడ్డలారేసిన కుప్పమ్మది.
పొదుపు మనిషి, కొస మిగల్చకుండా
ముడి దాకా కోసేసింది.
గోళ్ళతో చూసినా, పంటితో చూసినా,
పటకారు తెచ్చినా, రాలేదు.
కత్తి తెచ్చినాను,
ఎందుకో తిరిగి కిందికి తీసకపోయినాను.
దాని పక్కనే నాది కట్టినాను.

మొదట దిండు గలీబులు ఆరేసినాను.
కొండ మీద గుండు కొట్టించుకోనొచ్చి
మా దిండ్ల మీద పడుకున్నోళ్ళ గంధం
ఎంత ఉతికినా లేతపసుపుగా మిగిలే ఉంటుంది.
తరవాత దుప్పట్లు.

సాయంత్రం ధనంజయులు పైకొచ్చి
బోల్టు చూసినాడు, ముడి చూసినాడు,
తిట్టేదానికి ఏమీ దొరక్క
"ఈ మూరెడు తాడేంది మే, దండగ్గా వేలాడతా ఉంది?
కోసెయ్" అన్నాడు.
"ఉండనీ సార్,
విప్పేవాళ్ళకి పట్టు కావాల గదా."
"ఎవరు విప్పేది?"
నేను పలకలేదు.

ఆయన మెట్లు దిగినాక
ట్యాంకు మీద నుంచి ఒక కోతి దిగొచ్చి
దండెం నడుమ కూచుని
రెండు మాట్లు ఊగి చూసింది.
తాడు వంగింది.
అంతే.