యాడ దిగాలి

గూడూరు నిమ్మకాయల యార్డులో
వేలం ముగిసి, గోతాలు కుట్టేశాక
కాటా బల్లకు ఫోను ఆనించి
ఇటలీలో గదులు వెతుకుతున్నాం, నేనూ పెంచలయ్యా.

ద్రాక్షతోట నడుమ రాతి ఇల్లు ఒకటి.
కిటికీ తెరిస్తే కొండవాలంతా దువ్విన పచ్చదనం.
"తోటలో పడుకునేదానికి అంత దూరం పోవాల్నా?
పొదలకూరులో మన షెడ్డుంది గదా,
మోటారు శబ్దం ఊరికే ఇస్తారు" అన్నాడు.

ఇంకోటి, కొండ మీది పాత ఊళ్లో మేడ గది.
లిఫ్టు లేదు. అరవై ఎనిమిది మెట్లు.
నా మోకాలు ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది.
అయినా కిందనే కూరల అంగడి, బస్సు,
సాయంత్రం అరుగుల మీద మనుషుల గొంతులు.

అదే తీసుకుందామన్నాను.
తను మాత్రం తోట ఫొటోని వేళ్లతో సాగదీస్తూ
ఈతకొలను దాటి, పూలకుండీలు దాటి,
మూల నీడలో బోర్లించిన ప్లాస్టిక్ గంపల దగ్గర ఆగాడు.

"కోతలప్పుడు కూలోళ్లు యాడ పడుకుంటారో?"

వివరాల్లో అది లేదు.
టిఫిను ఉంది, వైఫై ఉంది,
కుక్కను తెచ్చుకోవచ్చని కూడా ఉంది.

పెళ్లయిన ఏడు
ముళ్లు గీరిన చేతులతో ఎవరిదో షెడ్డులో
గోతాల మీద నిద్రపోయిన సంగతి
ఇద్దరం ఎత్తలేదు.
ఆ షెడ్డునే తర్వాత కొన్నాం.

మెట్ల గది మూడు రాత్రులకు నొక్కాను.
నాలుగో రాత్రి దగ్గర వేలు ఆగింది.
గుమాస్తా మస్తాన్‌ను పిలిచి
తోటాయనకు ఇంగ్లీషులో రాయించాడు పెంచలయ్య:

కాయ కోసే రోజు రావచ్చా?
మాకు గంప ఎత్తడం వచ్చు.